విడాకుల తర్వాతి కేసుల్లో నోటీసులు: ఎదుటి లాయరుకు ఇస్తే సరిపోతుందా? (అపోహలు - వాస్తవాలు)

విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చినంత మాత్రాన గొడవలు ఆగవు. భరణం పెంచమని ఒకరు, తగ్గించమని ఇంకొకరు, పిల్లల్ని సెలవులకు పంపడం లేదని మరొకరు మళ్లీ కోర్టుకెక్కుతారు. ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేస్తూ నేను చూసేదేమిటంటే, అందరికీ పిటిషన్‌లో ఏం రాశామన్నదే టెన్షన్. నోటీసు ఎవరికి అందాలో ఎవరూ అడగరు. వాయిదాలు కరిగిపోయేది అక్కడే.

అపోహ: విడాకుల కేసు నడిపిన లాయరుకు కొత్త పిటిషన్ కాపీ ఇస్తే అవతలివాళ్లకు అందినట్టే.

వాస్తవం: కేసు నడుస్తున్నంత కాలం ఈ మాట నిజమే. లాయరుకు ఇచ్చినా, ఆయన ఆఫీసులో వదిలి వచ్చినా క్లయింటుకు అందినట్టేనని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 5 చెబుతుంది. అయితే ఆ అధికారం వకాలత్ (కేసు నడపమని క్లయింటు లాయరుకు సంతకం చేసి ఇచ్చే పత్రం) వల్ల వచ్చింది. వకాలత్ ఆ కేసు ప్రొసీడింగ్స్ ముగిసేదాకే ఉంటుంది. రివ్యూ, అప్పీలు, డిక్రీలో రాతతప్పుల సవరణ, కాపీల దరఖాస్తు లాంటివి పాత కేసులో భాగమేనని రూల్ 4 వివరిస్తుంది. డిక్రీ అయిన కొన్నేళ్లకు వేసే భరణం పెంపు పిటిషన్ ఆ జాబితాలో లేదు.

అప్పీలు జాబితాలో ఉంది కదా అని ధీమా వద్దు. అప్పీలు వినే పై కోర్టు లాంటి వేరే కోర్టు పంపిన నోటీసును పాత లాయరుకు ఇస్తే చెల్లాలంటే, అందుకు క్లయింటు వకాలత్‌లోనే స్పష్టంగా ఒప్పుకొని ఉండాలి.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 25(2) కింద భరణం మార్పుకో, సెక్షన్ 26 కింద పిల్లల కస్టడీకో వేసే దరఖాస్తుకు కొన్నిచోట్ల కొత్త ఓపీ (అసలు పిటిషన్) నంబరు, కొన్నిచోట్ల పాత ఓపీలోనే ఐఏ (కేసులో వేసే అనుబంధ దరఖాస్తు) నంబరు పడుతుంది. ఐఏ అయినా సరే, నోటీసు పార్టీకే వెళ్లేలా బత్తా (నోటీసు పంపే ఖర్చుకు కోర్టులో కట్టే రుసుము) కట్టండి. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 13 ప్రకారం అక్కడ లాయరును పెట్టుకోవడం హక్కు కూడా కాదు, కోర్టు అనుమతి కావాలి. పాత లాయరే మళ్లీ వస్తారన్న గ్యారంటీ ఏముంది? మర్యాదకు ఆయనకూ ఓ కాపీ ఇవ్వండి. కొన్నిసార్లు కొత్త అడ్రసు అక్కడే దొరుకుతుంది.

తొందరపడి ఎక్స్‌పార్టీ ఆర్డర్ (అవతలివాళ్లు రాకుండానే ఇచ్చే ఆర్డర్) తెచ్చుకున్నా అది నిలవడం కష్టం. సమన్లు సరిగ్గా అందలేదని తేలితే, ఎక్స్‌పార్టీ డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లోపు దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. అంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: వాళ్లకు లాయరు ఉన్నారు కాబట్టి నేరుగా నోటీసు పంపకూడదు.

వాస్తవం: బార్ కౌన్సిల్ నియమం లాయర్లకు. ఎదుటి క్లయింటుతో ఆయన లాయరును పక్కనపెట్టి కేసు విషయం మాట్లాడకూడదు. కోర్టు జారీ చేసే నోటీసుకు దానితో పనిలేదు.

అపోహ: కవరు తీసుకోకపోతే నోటీసు అందనట్టే.

వాస్తవం: పోస్టుమ్యాన్ "తిరస్కరించారు" అని రాసి వెనక్కి పంపితే కోర్టు దాన్ని అందినట్టే ప్రకటిస్తుంది. "డోర్ లాక్" అని వస్తే మాత్రం అంత సులువు కాదు. అప్పుడు తలుపుకు అతికించడం, కుదరకపోతే కోర్టు అనుమతితో పేపర్లో ప్రకటన. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయని స్క్రీన్‌షాట్ తెస్తుంటారు. కోర్టు అనుమతి లేకుండా దాని మీదే ఆధారపడొద్దు.

అపోహ: అయితే లాయరుకు కాపీలు ఇవ్వడం దండగే.

వాస్తవం: కాదు. కొత్త పిటిషన్‌లో ఆయన వకాలత్ వేశాక కౌంటర్లు (జవాబు పత్రాలు), ఐఏలు అన్నీ ఆయనకే ఇవ్వాలి. మన ఒరిజినల్ మీద "కాపీ అందింది" అని తేదీతో సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే వాదించకుండా పోస్టులో పంపి, ఆ సంగతి కోర్టుకు చెబుతూ రసీదుతో మెమో ఫైల్ చేయండి.