కొత్త దారం తెల్లగా ఉంటుంది

విశాఖపట్నం

చిరంజీవి మనవరాలికి తాతయ్య దీవెనలు. ఈ ఉత్తరం తమ్ముడికి కూడా చదివి వినిపించు.

రుషికొండ తీరంలో ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆడి వచ్చాక నీ భుజాలు కమిలి, నాలుగు రోజులకు చర్మం ఉల్లిపొరలా ఊడిందని అమ్మ చెప్పింది. కొత్తగా వచ్చిన చర్మానికి అది నీ చర్మంలాగే ఉండాలని ఎవరు చెప్పారని నువ్వు అడిగావట. ఆ మాట వినగానే నాకు పెదజాలారిపేటలో వలలు బాగుచేసే ఒక ముసలాయన గుర్తుకు వచ్చారు.

నాకు పదేళ్ళప్పుడు బడి వదలగానే ఆయన పక్కన చేరేవాడిని. అప్పటి నూలు వలలను చెట్టు బెరడు కషాయంలో ముంచి ఆరబెట్టేవారు కనుక పాత దారం ముదురు రంగులో, కొత్త దారం తెల్లగా ఉండేది. వల రాతికి తగిలి చిరిగితే ఆయన వెంటనే అల్లేవారు కాదు. చిరుగు చుట్టూ బాగున్న వల కళ్ళను కూడా కొన్ని కోసివేసేవారు. ఎందుకని అడిగితే, నలిగిన అంచును పట్టుకుని అల్లితే ముడి నిలవదని, గట్టి కన్ను దొరికేదాకా వెనక్కి వెళ్ళాలని చెప్పారు.

మన కణాల్లోనూ ఇదే పని జరుగుతుంది. దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ అనే జంట దారం ఉంటుంది. ఒక్క కణంలోనిది సాగదీసి కలిపితే సుమారు 2 మీటర్లు వస్తుంది. దానిలో ఎ, టి, జి, సి అని నాలుగు రకాల ముడులు ఉంటాయనుకో. ఎ ఎదుట టి, జి ఎదుట సి మాత్రమే ఇముడుతాయి. కణం రెండుగా చీలే ముందు జంట విడిపోయి, ఒక్కొక్క పాత దారాన్ని చూసుకుంటూ ఎంజైములు అనే కణంలోని పనివాళ్ళు దాని ఎదుట కొత్త దారాన్ని అల్లుతాయి. అందుచేత ప్రతి కొత్త కణానికీ ఒక పాత దారం, ఒక కొత్త దారం దక్కుతాయని 1958లో మెసెల్సన్, స్టాల్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. నీ కొత్త చర్మానికి నీ పోలిక చెప్పింది ఆ పాత దారమే.

సుమారు 600 కోట్ల ముడుల జతలు కొన్ని గంటల్లో పూర్తి కావాలి. ఒక్కో ఎంజైము సెకనుకు 50 ముడుల వరకే వేయగలదు కనుక వేల చోట్ల ఒకేసారి అల్లిక మొదలవుతుంది. ఆ తొందరలో లక్షకు ఒకటి చొప్పున తప్పు ముడి పడితే, అల్లిన ఎంజైమే చాలావాటిని అక్కడికక్కడే విప్పివేస్తుంది. మిగిలినవాటిని వెనుక వచ్చే వేరే ఎంజైములు పట్టుకుంటాయి. అయితే ఎదురెదురు ముడులు ఇమడనప్పుడు తప్పు ఏ దారానిదో వాటికెలా తెలుస్తుంది? పాల్ మోడ్రిచ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియాలో దీనిని తేల్చారు: పాత దారం మీద చిన్న రసాయన గుర్తులు ఉంటాయి, అప్పుడే అల్లిన దారానికి అవి ఇంకా పడి ఉండవు. బెరడు రంగు పట్టని తెల్ల దారం! ఇది చదివిన రాత్రి ఆ ముసలాయన చేతులే నా కళ్ళలో మెదిలాయి. మన కణాలు గుర్తుపట్టే పద్ధతి వేరు, కానీ అవి సవరించేది కూడా కొత్త దారాన్నే.

ఎండ చేసే హాని మరొక రకం. దానిలోని అతినీలలోహిత కిరణాలు పక్కపక్కనున్న రెండు టిలను ఒకదానికొకటి అతికిస్తాయి. అప్పుడు కణం ఆ రెండింటినే కాక, అటూ ఇటూ బాగున్నవాటిని కూడా కలిపి సుమారు 30 ముడుల ముక్కను కోసి తీసివేసి, ఎదుటి దారాన్ని చూసి ఖాళీని మళ్ళీ అల్లుతుంది. ఈ పని తీరును విప్పి చెప్పిన అజీజ్ సంజార్‌కు, మోడ్రిచ్‌తోనూ టోమస్ లిండాల్‌తోనూ కలిపి 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. బాగుచేయలేనంతగా చెడిన కణాలు తమంతట తామే చనిపోతాయి. నీ భుజం మీద ఊడింది అటువంటి పొరే. దొరకని తప్పులు కొన్ని నిలిచిపోతాయి కూడా, అందుకని ఇకమీదట ఎండ ముదరకముందే ఇల్లు చేరండి, భుజాలు కప్పే చొక్కా వేసుకోండి.

కణం లోపలి అల్లికను నేను నీకు చూపించలేను. ఈ ఆదివారం తమ్ముడిని తీసుకుని పెదజాలారిపేట ఒడ్డుకు వెళ్ళు. ఇప్పటివి నైలాను వలలు, బెరడు రంగు కనిపించదు. అయినా వల బాగుచేస్తున్నవారి పక్కన, వారి పనికి అడ్డు రాకుండా కూర్చుని, మొదటి ముడి వేయకముందు బాగున్న కళ్ళు ఎన్ని కోస్తారో లెక్కపెట్టి నాకు రాయి.

మీ తాతయ్య