సిగార్ రంగు చూసి ఘాటు చెప్పవచ్చా? అపోహలు - వాస్తవాలు

వర్జీనియా పొగాకు గ్రేడింగ్‌లో పనిచేసేవారికి రంగే ప్రధానం. వేలం కేంద్రానికి వచ్చిన బేళ్లలో నిమ్మపండు రంగు ఆకుకు ఒక ధర పలికితే, ముదురు గోధుమ రంగు ఆకుకు మరొక ధర పలుకుతుంది. ఆ వృత్తిలో ఉంటూ సిగార్లను పోల్చి చూడడం అలవాటు చేసుకున్నవాడిగా నేను చెప్పగలిగినది ఒక్కటే: సిగార్ విషయంలో కన్ను చెప్పే సాక్ష్యం అంతగా చెల్లదు. దాని గురించి వినిపించే అపోహల్లో చాలావరకు రంగును, బూడిదను, బ్యాండును (సిగార్‌కు చుట్టిన పేరు కాగితాన్ని) చూసి రుచినీ ఘాటునూ అంచనా వేయడం వల్ల పుట్టినవే.

అపోహ: ముదురు రంగు సిగార్ ఘాటుగా, లేత రంగు సిగార్ తేలికగా ఉంటుంది.

సిగార్‌లో లోపల నింపే ఆకులను ఫిల్లర్ అని, వాటిని పట్టి ఉంచే ఆకును బైండర్ అని, బయట చుట్టే పలుచని ఆకును రాపర్ అని అంటారు. మనకు కనిపించే రంగు రాపర్‌ది మాత్రమే. ఘాటును ప్రధానంగా నిర్ణయించేది ఫిల్లర్. మొగ్గ తొడిగిన మొక్కకు తల తుంచి, పిలకలు తీసివేస్తే బలమంతా ఆకులకు చేరుతుంది. అందులోనూ ఎండ బాగా తగిలే పై ఆకులు మందంగా, జిడ్డుగా, నికోటిన్ ఎక్కువగా కలిగి ఉంటాయి. క్యూబాలో ఈ పై ఆకులను లిజెరో అని, నడిమి ఆకులను సెకో అని, అడుగాకులను వొలాడో అని పిలుస్తారు. లిజెరో ఘాటునిస్తుంది, సెకో సువాసననిస్తుంది, వొలాడో సిగార్ ఆరిపోకుండా కాలడానికి తోడ్పడుతుంది. లిజెరో నెమ్మదిగా కాలే ఆకు కనుక నేర్పరులైన పనివారు దానిని సరిగ్గా మధ్యలో వచ్చేలా అమర్చుతారు. అది ఒక పక్కకు జరిగితే సిగార్ ఏటవాలుగా కాలుతుంది.

మదూరో అనే నల్లని రాపర్‌కు ఆ రంగు రావడానికి కారణం దానిని ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం మాగబెట్టడమే. ఆ క్రమంలో కరుకుదనం తగ్గి, ఒక విధమైన తియ్యదనం వస్తుంది. అందువల్ల నల్లని రాపర్ లోపల సెకో ఎక్కువగా ఉంటే అది తేలికపాటి సిగార్ కావచ్చు. అమెరికాలోని కనెక్టికట్ లోయలో గుడ్డ పందిళ్ల నీడన పెంచిన లేత రంగు రాపర్ కింద లిజెరో దట్టిస్తే, అలవాటు లేనివారికి తల తిరుగుతుంది.

అపోహ: సిగార్ పొగను లోపలికి పీల్చరు కాబట్టి హాని లేదు.

అన్నిటిలో ప్రమాదకరమైన అపోహ ఇదే. సిగరెట్లలో వాడే మన వర్జీనియా ఆకును బ్యారన్ అనే గదిలో గొట్టాల వేడితో సుమారు వారం రోజులలో క్యూరింగ్ చేస్తారు, అంటే ఆరబెడతారు. అందువల్ల ఆకులో చక్కెరలు నిలిచిపోతాయి, పొగకు ఆమ్ల గుణం ఉంటుంది, నికోటిన్ బాగా ఒంటబట్టాలంటే పొగను ఊపిరితిత్తులలోకి పీల్చవలసి వస్తుంది. సిగార్ ఆకును గాలి ఆడే పాకల్లో వారాల తరబడి ఆరబెట్టి, తరువాత కుప్పలు వేసి మాగబెడతారు. కుప్ప లోపల వేడి పుట్టి, ముక్కు మూసుకునేంత అమ్మోనియా వాసన వస్తుంది. చక్కెరలు దాదాపు మిగలవు. ఇలా తయారైన ఆకు పొగకు క్షార గుణం ఎక్కువ, క్షార గుణమున్న పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలో కలుస్తుంది. పైగా ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ పెట్టెలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. నోటికి, గొంతుకు, అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉన్నదని వైద్యశాస్త్రం స్పష్టంగానే చెబుతోంది. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగేవారిలో, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని చుట్ట కాల్చేవారిలో, అంగిలి క్యాన్సర్లు వస్తున్నాయని వైద్యులు దశాబ్దాల క్రితమే నమోదు చేశారు. సిగార్ ఆ చుట్టకు దగ్గరి చుట్టమే. ఎప్పుడో ఒకటి కాల్చినా హాని లేదని నేను అనను. పొగ అలవాటు లేనివారికి ఈ అభిరుచిని సిఫారసు చేయను.

అపోహ: బూడిద తెల్లగా, పొడవుగా నిలిస్తే మేలు రకం.

బూడిద రంగు మొక్క పెరిగిన నేలలోని ఖనిజాలను బట్టి మారుతుంది. పొడవుగా నిలవడం లోపల తుక్కు కాక నిలువు ఆకులు ఉన్నాయనడానికి గుర్తు. రుచి గురించి ఈ రెండూ ఏమీ చెప్పవు.

అపోహ: క్యూబా సిగార్‌ను మించినది లేదు.

క్యూబాలోని పినార్ దెల్ రియో ప్రాంతంలో ఉన్న వుయెల్తా అబాహో పొగాకు నేల గొప్పదే, సందేహం లేదు. అయితే 1960లో క్యూబా ప్రభుత్వం సిగార్ పరిశ్రమను జాతీయం చేయడం, 1962లో అమెరికా వాణిజ్య నిషేధం విధించడం వల్ల అనుభవజ్ఞులైన అనేకులు డొమినికన్ రిపబ్లిక్, హోండురస్, నికరాగువా దేశాలకు తరలిపోయారు. మోంటెక్రిస్టో, పార్తగాస్ వంటి పేర్లతో క్యూబాలో ఒక సిగార్, డొమినికన్ రిపబ్లిక్‌లో వేరొక సిగార్ తయారవుతున్నది అందుకే. నికరాగువాలోని ఎస్తెలీ ఆకు మిరియపు ఘాటును ఇష్టపడేవారికి క్యూబా ఆకు చప్పగా అనిపించినా ఆశ్చర్యం లేదు. ఇక విహారయాత్రకు వెళ్లిన బంధువులు తెచ్చిన గాజు మూత పెట్టెలోని కొహీబా (పేరున్న క్యూబా సిగార్), కొహీబా కాదు, నకిలీ.

అపోహ: తేమ ఎంత ఎక్కువైతే సిగార్ అంత బాగుంటుంది.

సిగార్లను నిలవ ఉంచే పెట్టెలో తేమ 65 నుంచి 70 శాతం, ఉష్ణోగ్రత 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే చాలు. తేమ మించితే సిగార్ ఉబ్బి పొగ లాగదు, బూజు పడుతుంది. ఆ తెల్లని పొడిని చూసి పాతబడిన మంచి సిగార్‌కు గుర్తని మురిసిపోయేవారున్నారు. అది సాధారణంగా బూజే. మన వాతావరణంలో విశాఖలో బూజు బెడద ఎక్కువ, హైదరాబాద్ వేసవిలో ఎండిపోవడం ఎక్కువ. వేడి 25 డిగ్రీలు దాటే గదుల్లో సిగరెట్ బీటిల్ అనే గోధుమరంగు పురుగు గుడ్లు పొదుగుతాయి. రాపర్‌పై గుండుసూదితో పొడిచినట్టున్న రంధ్రం కనిపిస్తే పెట్టె మొత్తాన్ని తనిఖీ చేయాలి.

అపోహ: రెండు సిగార్లను ఒకే పూట వరుసగా కాల్చితేనే పోలిక తెలుస్తుంది.

మొదటిదాని నికోటిన్‌కు నాలుక మొద్దుబారిన తరువాత రెండవదాని గురించి రాసే మాటకు విలువ లేదు. వేర్వేరు రోజుల్లో, భోజనమైన తరువాత ఒకే సమయానికి కాల్చి, అప్పటికప్పుడు రాసుకోవడం నయం. పోల్చేవి రెండూ ఒకే పరిమాణంలో ఉండాలి. రింగ్ గేజ్ అంటే సిగార్ లావును (వ్యాసాన్ని) అంగుళంలో 64వ వంతుల్లో చెప్పే లెక్క. 42 గేజ్ సిగార్‌లో ఫిల్లర్‌తో పోలిస్తే రాపర్ వాటా ఎక్కువ, 54లో తక్కువ. అందువల్ల లావు మారితే ఒకే మిశ్రమం కూడా వేరే రుచినిస్తుంది. బ్యాండును మరొకరి చేత తీయించి, అంకెలు వేయించుకుంటే ధర, పేరు నాలుకను ప్రభావితం చేయవు. సిగార్ తలను, అంటే నోట పెట్టుకునే కొసను కోసిన తరువాత వెలిగించకుండానే ఒకసారి లాగి, ఎండుగడ్డి వాసనా, ఎండుద్రాక్ష వాసనా అన్నది ముందే రాసుకోవాలి. వెలిగించిన తరువాత మొదటి, రెండవ, మూడవ భాగాలకు విడివిడిగా రాయాలి. చివరి భాగంలో వేడి, తారు పేరుకొని ప్రతి సిగారూ కొంత చేదెక్కుతుంది కనుక, తీర్పు నడిమి భాగం మీదనే ఇవ్వడం న్యాయం.