కార్బన్ డయాక్సైడ్ నుంచి ఇంధనం: రాగి దాకా వచ్చిన నూట ఇరవై ఏళ్ల దారి

కార్బన్ డయాక్సైడ్‌ను లోహాల సాయంతో ఇంధనంగా మార్చే ప్రయత్నాలను ఇటీవలి ఆవిష్కరణలుగా చెప్పుకోవడం పరిపాటి అయింది గాని, ఈ రసాయన శాస్త్రానికి నూట ఇరవై ఏళ్లు దాటాయి. 1902లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పాల్ సబాతియే, జ్యాఁ బాప్తిస్త్ సెందరెన్స్ ఈ వాయువును హైడ్రోజన్‌తో కలిపి వేడి చేసిన నికెల్ పొడి మీదుగా పంపి, మీథేన్‌ను రాబట్టారు. లోహ ఉత్ప్రేరకాలపై (తాము ఖర్చు కాకుండా చర్య వేగాన్ని పెంచే పదార్థాలపై) చేసిన కృషికి సబాతియేకు 1912లో నోబెల్ బహుమతి దక్కింది.

పరిశ్రమ మాత్రం వేరే దారి పట్టింది. 1923లో జర్మనీలోని లాయినాలో బీఏఎస్ఎఫ్ సంస్థ బొగ్గు నుంచి తీసిన, ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఉండే వాయువుతో మిథనాల్ (ఇంధనంగా పనికివచ్చే ఒక ఆల్కహాల్) తయారీని ప్రారంభించినప్పుడు జింక్, క్రోమియం ఆక్సైడ్లను ఉత్ప్రేరకంగా వాడింది. అందుకు 300 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి, 200 అట్మాస్ఫియర్లకు మించిన పీడనం కావలసి వచ్చాయి. రాగి ఇంతకన్నా చురుకైనదే అయినా, బొగ్గు వాయువులోని గంధకం దానికి విషమై ఆ చురుకును హరించేది. గంధకాన్ని దాదాపు పూర్తిగా తొలగించిన వాయువు అందుబాటులోకి వచ్చాకే, 1966లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ సంస్థ రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కలిసిన ఉత్ప్రేరకంతో 50 నుంచి 100 అట్మాస్ఫియర్ల పీడనంలోనే మిథనాల్ తీయగలిగింది.

ఈ చరిత్రలో అసలు మలుపు ఆ తర్వాత వచ్చిందని నా అభిప్రాయం. ఆ కర్మాగారాల్లో మిథనాల్‌గా మారుతున్నది కార్బన్ మోనాక్సైడేనని చాలాకాలం భావించారు. 1980లలో రేడియోధార్మిక కార్బన్‌తో జాడ పట్టి చూసిన ప్రయోగాలు, మిథనాల్‌లోని కార్బన్ ప్రధానంగా వాయు మిశ్రమంలో కొద్దిపాటిగా ఉండే కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తోందని తేల్చాయి. అంటే, ఇప్పుడు మనం వెతుకుతున్న చర్య అప్పటికే ఆ కర్మాగారాల్లో ఏళ్ల తరబడి నడుస్తోందన్నమాట. అయినా కార్బన్ డయాక్సైడ్‌నే ముడిసరుకుగా వాడితే ఎక్కువగా నీరు పుడుతుంది. ఆ నీటి వల్ల రాగి రేణువులు ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఉత్ప్రేరకం త్వరగా బలహీనపడుతుంది.

1980ల మధ్యలో జపాన్‌లోని చీబా విశ్వవిద్యాలయానికి చెందిన యోషియో హోరి బృందం, కార్బన్ డయాక్సైడ్‌ను విద్యుత్తుతో మార్చే చర్యలోనూ రాగి ప్రత్యేకతను చూపింది. బంగారం, వెండి ఎలక్ట్రోడ్లపై కార్బన్ మోనాక్సైడ్ వచ్చింది; తగరం, సీసంపై ఫార్మేట్ (ఫార్మిక్ ఆమ్లపు లవణ రూపం) వచ్చింది. నికెల్, ఇనుముపై దాదాపుగా హైడ్రోజనే వచ్చింది. రాగిపై మాత్రం మీథేన్, ఇథిలీన్ ఏర్పడ్డాయి. కార్బన్ మోనాక్సైడ్‌ను రాగి మరీ గట్టిగానూ, మరీ వదులుగానూ కాకుండా పట్టుకోవడమే ఇందుకు కారణం; ఈ సూత్రానికీ సబాతియే పేరే ఉంది. చిక్కల్లా, రాగి ఒకే పదార్థంతో ఆగదు: 2012లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు దానిపై 16 ఉత్పత్తులను గుర్తించారు.

ఎంత మంచి ఉత్ప్రేరకమైనా చర్య వేగాన్ని పెంచగలదే తప్ప, అవసరమైన శక్తిని సమకూర్చలేదు. టన్ను మిథనాల్‌కు దాదాపు 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తోపాటు సుమారు 190 కిలోల హైడ్రోజన్ కావాలి. ఐస్‌లాండ్‌లో 2012లో ప్రారంభమైన జార్జ్ ఓలా కర్మాగారం అక్కడి చౌక విద్యుత్తుతో నీటి నుంచి ఆ హైడ్రోజన్‌ను తీసింది. 2022లో చైనాలోని అన్యాంగ్‌లో మొదలైన, ఏడాదికి 1,10,000 టన్నుల సామర్థ్యం గల కర్మాగారం బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల వాయువులోని హైడ్రోజన్‌పై ఆధారపడింది. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ విద్యుత్ కేంద్రం వద్ద ఎన్‌టీపీసీ చేపట్టిన మిథనాల్ యూనిట్ సామర్థ్యం రోజుకు 10 టన్నులు. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా విద్యుత్తు పడుతుంది కనుక, ఆ 10 టన్నులకు కావలసిన హైడ్రోజన్ కోసమే రోజూ దాదాపు లక్ష యూనిట్లు వెచ్చించాలి.