పెడల్ నుంచి నాజిల్ దాకా

బాలానగర్, హైదరాబాద్

చిరంజీవులు సుధీర్, మాధవిలకు,

తాతయ్య ఆశీస్సులు. నాన్న కొన్న డీజిల్ బండిలో యాక్సిలరేటర్ పెడల్ కింద తీగే లేదని, మరి కాలు నొక్కిన సంగతి ఇంజనుకు ఎలా తెలుస్తోందని అడిగారు. కంప్యూటర్ చెబుతుందని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. అలా తేల్చేస్తే మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు డీజిల్ ఇంజను స్వభావం పట్టుకోవాలి. ఇందులో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోకి వట్టి గాలిని లాగి, దాన్ని సుమారు పదహారో వంతుకు కుదిస్తుంది. అంత గట్టిగా నొక్కితే గాలి ఐదు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నిరూపించినది ఇదే. ఆయన ఇంజనులో ఇంధనాన్ని లోపలికి ఊదడానికి విడిగా ఒక గాలి కంప్రెసర్ కావలసి వచ్చేది. ఆ బరువుతో రోడ్డు మీద తిరగడం కష్టం. 1927లో బాష్ కంపెనీ, ఆ కంప్రెసర్ అవసరం లేకుండా డీజిల్‌ను నేరుగా నెట్టి చిమ్మించే పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక లారీలకు దారి దొరికింది.

ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. డీజిల్ ఇంజను బలం పెంచాలన్నా తగ్గించాలన్నా ముఖ్యంగా మార్చేది చిమ్మే డీజిల్ మోతాదునే. ఎంత చిమ్మాలి, ఏ క్షణాన చిమ్మాలి, ఎంత ఒత్తిడితో చిమ్మాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూనే ఈ వ్యవస్థ అంతా తిరుగుతుంది. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 1800 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 90 సార్లు డీజిల్ పడాలి. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే సమయం సెకనులో పదివేలో వంతు కన్నా తక్కువ. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా పొగలోనూ చప్పుడులోనూ తేడా తెలిసిపోతుంది. మాధవీ, కాగితం మీద లెక్క వేసి చూడు, సరిపోతుంది.

నేను పని నేర్చుకున్న రోజుల్లో ఈ మూడింటినీ ఒకే పంపు మోసేది. ఇంజను తిప్పే క్యామ్ షాఫ్ట్, సిలిండర్‌కు ఒకటి చొప్పున డీజిల్‌ను నెట్టే ప్లంజర్లు, వేగం మితిమీరకుండా కాసే గవర్నర్ అందులోనే ఉండేవి. పంపును బెంచి మీద బిగించి, ఒక్కో లైను నుంచి వచ్చే డీజిల్‌ను గాజు గొట్టాల్లో పట్టి సమానం చేసేవాళ్లం. చాలా అందమైన యంత్రం అది. ఇప్పటికీ నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ దానికొక పుట్టులోపం ఉంది. ఒత్తిడి ఇంజను వేగాన్ని బట్టే వచ్చేది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒత్తిడి తక్కువ, తుంపర ముతక. నిండా జనంతో ఉన్న బస్సు సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు నల్లటి పొగ కక్కేదంటే అందులో సగం కారణం ఇదే.

కామన్ రైల్ పద్ధతి ఈ ముడిని విప్పింది. ఒత్తిడి పుట్టించే పనిని పంపుకు వదిలి, ఎప్పుడు ఎంత అన్న నిర్ణయాన్ని కంప్యూటర్‌కు ఇచ్చింది. చేతిపంపు కొట్టినప్పుడే నీళ్లు వస్తాయి, కొట్టే బలాన్ని బట్టి వస్తాయి. మీ అపార్ట్‌మెంట్‌లో మోటారు ట్యాంకు నింపుతుంది, మీరు కావలసినప్పుడు కుళాయి తిప్పుకుంటారు. పాత పంపుకూ కొత్త పద్ధతికీ తేడా అంతే. జపాన్‌లో డెన్సో కంపెనీ 1995లో లారీల్లో దీన్ని అమర్చింది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో ఇది మామూలు కార్లలోకీ వచ్చింది.

ఇక డీజిల్ వెంట నడుద్దాం. ట్యాంకు నుంచి ఫిల్టర్ గుండా, తక్కువ ఒత్తిడితో పెద్ద పంపు దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి రైల్ అనే మందపాటి ఉక్కు గొట్టంలో చేరుతుంది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నీ ఆ గొట్టానికే తగిలించి ఉంటాయి. బండి నిలబడి ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా రైల్‌లో సుమారు 300 బార్ల ఒత్తిడి ఉంటుంది. గట్టిగా తొక్కితే చాలా బండ్లలో 1600 నుంచి 2000 బార్ల దాకా వెళుతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త ఎక్కువ, అంతే. రైల్ మీద ఉన్న సెన్సర్ ఈ ఒత్తిడిని ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ పంపులోకి పోయే డీజిల్‌ను ఒక వాల్వుతో తగ్గిస్తూ పెంచుతూ తనకు కావలసిన అంకె దగ్గర నిలబెడుతుంది.

మీ పెడల్ సంగతి ఇక్కడ వస్తుంది. పెడల్ మొదట్లో ఉండే సెన్సర్ రెండు వేర్వేరు సంకేతాలు పంపుతుంది. రెండూ పొంతన కుదరకపోతే కంప్యూటర్ మీ కాలిని నమ్మదు. ఇంజను బలాన్ని తగ్గించి, బండిని మెల్లగా షెడ్డుకు చేర్చేంత మాత్రమే ఇస్తుంది. క్రాంక్ షాఫ్ట్ దగ్గర పళ్ల చక్రం ఉంటుంది. చాలా ఇంజన్లలో అరవై పళ్లకు స్థలం ఉంచి రెండింటిని కావాలనే వదిలేస్తారు. ఆ ఖాళీ సెన్సర్ ముందుకు వచ్చిన ప్రతిసారీ షాఫ్ట్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుస్తుంది. అయితే సిలిండర్‌లో గాలి లాగడం నుంచి పొగ వదలడం దాకా ఒక విడత పూర్తవడానికి షాఫ్ట్ రెండు చుట్లు తిరగాలి కదా! అది ఏ చుట్టో చెప్పడానికి, ఆ రెండు చుట్లకు ఒక్కసారే తిరిగే ఇంజను క్యామ్ షాఫ్ట్ దగ్గర ఇంకొక సెన్సర్ కావాలి. నీళ్ల వేడి, లోపలికి వచ్చే గాలి, టర్బో ఒత్తిడి చెప్పే సెన్సర్లు కూడా ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ఇంజెక్టర్. దాని చివర డీజిల్ చిమ్మే మొన నాజిల్, దాన్ని మూసి ఉంచేది ఒక సూది. కంప్యూటర్ పంపే కరెంటుతో పనిచేసే అయస్కాంతం ఆ సూదిని నేరుగా లేపలేదు, అంత ఒత్తిడి మీద దాని బలం చాలదు. అందుకని డీజిల్ బలంతోనే సూదిని లేపుతారు. ఇంజెక్టర్‌లోకి వచ్చిన డీజిల్ సూది కింది భాగానికీ, సూది నెత్తిన ఉన్న చిన్న గదికీ పోతుంది. రెండు చోట్లా ఒకే ఒత్తిడి. పైన డీజిల్ నొక్కే వైశాల్యం ఎక్కువ, స్ప్రింగ్ సాయం కూడా ఉంది కాబట్టి సూది మూసుకునే ఉంటుంది. కరెంటు రాగానే అయస్కాంతం పై గదికి ఉన్న బుల్లి వాల్వును తెరుస్తుంది. ఆ గదిలోని డీజిల్ రిటర్న్ పైపులోకి జారి అక్కడ ఒత్తిడి పడిపోతుంది. కింది ఒత్తిడి సూదిని పైకి నెట్టగానే నాజిల్ చివర వెంట్రుక మందాన ఉన్న రంధ్రాల నుంచి డీజిల్ చిమ్ముతుంది. కరెంటు ఆగితే మళ్లీ మూసుకుంటుంది. ఇదంతా సెకనును వెయ్యి వంతులు చేస్తే అందులో ఒకటి రెండు వంతుల వ్యవధిలో జరిగిపోతుంది.

ఇంత వేగం ఉంది కనుకే ఒక్క విడతలో పడాల్సిన డీజిల్‌ను రెండు మూడు ముక్కలు చేయగలుగుతున్నారు. అసలు మోతాదుకు ముందు ఒకటి రెండు మిల్లీగ్రాములు చిమ్మి చిన్న మంట వెలిగిస్తారు. తర్వాత వచ్చే పెద్ద మోతాదు ఒక్కసారిగా భగ్గుమనకుండా మెత్తగా కాలుతుంది. పాత డీజిల్ జీపు టకటక మీ బండిలో వినిపించకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

సుధీర్, నువ్వు ఐటీఐలో చేరతానంటున్నావు కాబట్టి నీ కోసం ఇంకొంచెం. తాళం తిప్పితే స్టార్టర్‌తో ఇంజను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు, అంటే స్టార్ట్ కావడం లేదు అనుకో. బండి కంప్యూటర్ చెప్పేది చదివే స్కానర్ తగిలిస్తే రైల్ ఒత్తిడి తక్కువ అని కోడ్ వచ్చింది. చాలామంది కుర్రాళ్లు వెంటనే ప్రెషర్ సెన్సర్ మార్చేస్తారు. నాకు ఇది చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ డబ్బు బండి యజమానిది. సెన్సర్ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఫిల్టర్ మూసుకుపోయిందా, లైనులో ఎయిర్ పట్టిందా, పంపు అరిగిందా అని వరసగా చూడాలి. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను సమానమైన సీసాల్లో పెట్టి, ఇంజను తిప్పి, ఎందులో ఎంత డీజిల్ చేరిందో చూస్తే అరిగిన ఇంజెక్టర్ తేలిపోతుంది. నేను చెప్పిన ఆ బుల్లి వాల్వు సరిగా మూసుకోకపోతే రైల్‌లోని ఒత్తిడంతా రిటర్న్‌లోకే కారిపోతుంది. ఒత్తిడి కనీస అంకె చేరనిదే కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. ఇక ఇంజను ఎలా అందుకుంటుంది?

నీళ్లు, దుమ్ము ఈ వ్యవస్థకు పరమ శత్రువులు. చాలా బండ్లలో పంపు లోపలి భాగాలకు వేరే ఆయిల్ లేదు, డీజిలే వాటిని తడిపి కాపాడుతుంది. నీళ్లు కలిస్తే అవి గీసుకుపోతాయి, తుప్పు పడతాయి. మన నగరంలో వానాకాలం రోడ్లు ఎలా మునుగుతాయో మీకు తెలుసు. అలాంటి రోజుల తర్వాత ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి నీళ్లు తీయమని నాన్నకు చెప్పండి.

ఇప్పుడు చెప్పేది ఇద్దరూ రెండుసార్లు చదవండి. పాత ఇంజన్లలో ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనుక్కోవడానికి, ఇంజను నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసేవాళ్లం. కామన్ రైల్ ఇంజను మీద ఆ పని ఎప్పుడూ, ఎవరు చెప్పినా చేయవద్దు. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడవద్దు. ఆ ఒత్తిడితో వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగిపోతుంది. పైకి సూది గుచ్చుకున్నంత చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం డీజిల్ కండరాన్ని చంపుతూ పోతుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే ఇంటికి వెళ్లి పసుపు అద్దుకుని కూర్చోకుండా ఆ నిమిషమే ఆసుపత్రికి వెళ్లి, ఎక్కువ ఒత్తిడి డీజిల్ లోపలికి దిగిందని డాక్టరుకు ఆ మాటల్లోనే చెప్పాలి. ఇంజను ఆపిన తర్వాత కూడా రైల్‌లో ఒత్తిడి పడిపోయేదాకా, తయారీదారు పుస్తకంలో రాసినంత సేపు ఆగాలి. ఇంజెక్టర్ తీగలతోనూ జాగ్రత్త. బ్యాటరీ 12 వోల్టులే అయినా, వాటిని తెరవడానికి కంప్యూటర్ అంతకు ఎన్నో రెట్లు పెంచి పంపుతుంది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు బండికి స్కానర్ తగిలించి రైల్ ఒత్తిడి అంకెలు చూద్దాం. ఏసీ వేసినప్పుడు ఆ అంకె పెరుగుతుందా, తగ్గుతుందా, ఎందుకు? ఇద్దరూ విడివిడిగా ఆలోచించి కారణంతో సహా ముందే రాసి పంపండి.

మీ తాతయ్య