చెట్టెక్కే మనిషిని గుత్తకు పిలిస్తే బాధ్యత ఎవరిది? అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు చెట్లు కొట్టే కాంట్రాక్టర్లలో ఎక్కేవాళ్లను నెలజీతం మీద పెట్టుకున్నవాళ్లు తక్కువ. పని ఒప్పుకుంటారు, మనుషుల్ని బయటినుంచి పిలుస్తారు. ఈశాన్య రుతుపవనాల తుపాన్లు మొదలయ్యేలోపు కొమ్మలు తీయించాలని అపార్ట్‌మెంట్లు, స్కూళ్లు, కల్యాణ మండపాల వాళ్లు ఒకేసారి ఫోన్లు చేస్తారు. ఆ తొందరలో ఎవరు దొరికితే వాళ్లను ఎక్కించేస్తారు. తర్వాత ఏదైనా జరిగితే ‘అతను మా మనిషి కాదు’ అంటారు. ఆ మాట ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ నిలబడదో చూద్దాం.

అపోహ: గుత్తకు ఇచ్చేశాను, ఇక అతనికేమైనా నాకు సంబంధం లేదు.

వాస్తవం: 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 12వ సెక్షన్ సరిగ్గా ఇలాంటి ఏర్పాటు కోసమే ఉండేది. మీ వ్యాపారంలో భాగమైన పనిని ఇంకొకరికి గుత్తకిస్తే, అతని కింద పనిచేసే మనిషికి దెబ్బ తగిలినా పరిహారం మీ దగ్గరే అడగొచ్చు. కట్టాక ఆ డబ్బు గుత్తేదారు దగ్గర రాబట్టుకునే హక్కు మీకుంటుంది. అతని దగ్గర పాత చైన్ సా, ఒక టీవీఎస్ బండి తప్ప ఏమీ లేకపోతే ఆ హక్కు వల్ల ఒరిగేదేమీ ఉండదు. తాటిచెట్లు గీసేవాళ్లు, చెట్లు నరికేవాళ్లు ఆ చట్టం షెడ్యూల్‌లో పేరుపెట్టి మరీ ఉండేవారు. 2025 నవంబరు 21 నుంచి పరిహారం వ్యవహారమంతా సామాజిక భద్రతా కోడ్ కిందికి వచ్చింది. అసలు సూత్రం మాత్రం మారలేదు.

మరి ఎక్కే మనిషే స్వయంగా గుత్తేదారైతే? అక్కడ కాస్త వాదనకు చోటుంది. సొంత సామాను తెచ్చుకుంటాడా, రేటు తనే చెబుతాడా, నలుగురి దగ్గరా పనులు ఒప్పుకుంటాడా, ఏ కొమ్మ ముందు తీయాలో తనే నిర్ణయించుకుంటాడా అని చూస్తారు. మీరు కిందనుంచి ‘ఆ కొమ్మ కొట్టు, ఇది వదిలెయ్’ అంటూ, మీ తాడు, మీ మిషన్ ఇచ్చి, సాయంత్రం కూలి చేతిలో పెడుతుంటే అతణ్ణి కాంట్రాక్టరు అని పిలిచినంత మాత్రాన కాంట్రాక్టరు కాడు. అతను వెంట తెచ్చుకున్న కుర్రాడి విషయంలో ఆ పాటి వాదన కూడా మిగలదు.

డబ్బు ఎంతవుతుందో లెక్క వేసుకోండి. చనిపోతే నెల వేతనంలో సగాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం లెక్కకు తీసుకునే వేతనం నెలకు గరిష్ఠంగా 15,000. అంటే 7,500ను గుణకంతో హెచ్చిస్తారు. 25 ఏళ్లవాడికి గుణకం 216.91, పరిహారం 16,26,825 రూపాయలు. 30 ఏళ్లకు 207.98, అంటే 15,59,850. 40 ఏళ్లకు 184.17, అంటే 13,81,275. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితికి వస్తే సగం బదులు 60 శాతం పెట్టి లెక్కిస్తారు. వైద్యం ఖర్చు దీనికి అదనం.

అపోహ: ‘ఏం జరిగినా నాదే బాధ్యత’ అని స్టాంపు పేపరు మీద రాయించుకున్నాను.

వాస్తవం: పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు కార్మికుడు రాసిచ్చే ఏ ఒప్పందమూ చెల్లదు. నోటరీ చేయించినా చెల్లదు. కాగితం అసలు వద్దని కాదు, దాన్ని వేరే పనికి వాడుకోవాలి. ఎవరి సామాను, ఎవరి బీమా, కింద మనిషి ఎవరు, పని ఆపమనే అధికారం ఎవరిది, మధ్యలో ఆపితే కూలి ఎంత, ఇవి రాసుకోండి. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. చెట్టుకు ఇంత అని గుత్త మాట్లాడుకున్నవాడు గాలి లేచినా దిగడు. దిగితే ఆరోజు కూలి పోతుంది మరి. గిరాకీతో మీరు గుత్తకే మాట్లాడుకోండి, ఎక్కేవాడికి మాత్రం రోజు లెక్కన ఇవ్వండి. వానకో గాలికో ఆగితే కనీసం సగం కూలి ఇస్తానని ముందే చెప్పండి. ఈ వ్యాపారంలో ఇంతకంటే చవకైన భద్రత లేదని మా అభిప్రాయం.

అపోహ: ఇరవైమంది లోపే కాబట్టి మాకు చట్టాలు వర్తించవు.

వాస్తవం: ఆ సంఖ్య కాంట్రాక్టు కార్మికుల లైసెన్సుకు సంబంధించింది, వృత్తి భద్రత, ఆరోగ్యానికి సంబంధించిన మరో కొత్త కోడ్‌లో అది 50 అయింది. పరిహారానికి మాత్రం ఒక్క మనిషి ఉన్నా చాలు.

అపోహ: తాగి ఎక్కాడు, బెల్టు పెట్టుకోమన్నా వినలేదు, తప్పు అతనిదే.

వాస్తవం: చిన్న గాయాలకైతే ఈ వాదన కొంత పనిచేస్తుంది. చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా పనిచేయదు, పరిహారం ఇవ్వాల్సిందే. చిన్న గాయం కేసులోనూ మీరు ముందే స్పష్టంగా నియమం పెట్టారని, అతను కావాలనే మీరాడని చూపాలి. ‘బెల్టు పెట్టుకోమని అరిచాను’ అంటే సరిపోదు. నియమాలు తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, పని మొదలయ్యే ముందే సంతకమో వేలిముద్రో తీసుకోండి. పొద్దున వాసన వస్తే ఆరోజు కింద పని కూడా ఇవ్వొద్దు, తాడు పట్టేవాడు తూలినా ప్రమాదమే. 18 నిండనివాణ్ని చెట్టు దరిదాపులకు కూడా రానీయకండి.

పరిహారంతో సంబంధం లేకుండా పోలీసు కేసు వేరే ఉంటుంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే.

అపోహ: పెద్దమనుషుల్లో కూర్చుని మూడు లక్షలో నాలుగు లక్షలో ఇచ్చేస్తే అయిపోతుంది.

వాస్తవం: మన ఊళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే, కాంట్రాక్టర్లు రెండుసార్లు కట్టుకునేదీ ఇక్కడే. మరణం కేసులో పరిహారాన్ని కార్మిక శాఖ పరిధిలోని పరిహార కమిషనర్ దగ్గర జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల వేతనం దాకా అడ్వాన్సుగా ఇస్తే అంతవరకు మినహాయిస్తారు, అంతే. నెలలోపు కట్టకపోతే పాత చట్టంలో 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే అసలులో సగం దాకా జరిమానా. రాజీ కాగితం మీద ఎంతమంది సంతకాలున్నా, ఏడాది తర్వాత భార్య దరఖాస్తు పెడితే లెక్క మొదటికొస్తుంది. అంత్యక్రియలకు డబ్బివ్వడం మానవత్వం, తప్పక ఇవ్వండి. రసీదు తీసుకోండి. పరిహారం మాత్రం కమిషనర్ దగ్గరే కట్టండి.

అపోహ: అతనికి బ్యాంకులో 20 రూపాయల బీమా ఉంది, అది చాలు.

వాస్తవం: ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన మంచిదే. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాద మరణానికి 2 లక్షలు. కానీ అది అతని సొంత పాలసీ, మీ బాధ్యతలో రూపాయి కూడా తగ్గించదు. కొబ్బరిచెట్లు ఎక్కేవాళ్లకు కొబ్బరి అభివృద్ధి మండలి ఇచ్చే ప్రమాద బీమా, కేర సురక్ష పథకమూ అంతే. గీత కార్మికులకు ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా కల్లు గీతలో పడినవాళ్లకు, మీ పనిలో వేపకొమ్మ మీదనుంచి పడినవాడికి కాదు.

మీకు కావాల్సింది ఉద్యోగుల పరిహారం పాలసీ. ఏజెంటు ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చోండి. వృత్తి దగ్గర ‘తోటపని’ అని రాస్తే ప్రీమియం తగ్గుతుంది, క్లెయిము రోజు గొడవ మొదలవుతుంది. ‘చెట్లు ఎక్కి కొమ్మలు కోయడం, చెట్లు నరకడం’ అనే రాయించాలి. ఎత్తు పరిమితి ఏమైనా పెట్టారేమో చదవండి. సబ్ కాంట్రాక్టర్ల మనుషులకు వర్తింపు, వైద్య ఖర్చు రెండూ విడిగా అడిగి చేర్పించుకోండి, అడగకపోతే చాలాసార్లు ఉండవు. మనుషులు మారుతుంటారు కాబట్టి పేర్లతో కాక, ఇంతమంది అని తీసుకోవడం నయం. ఏడాదిలో ఇచ్చే కూలి మొత్తాన్ని తగ్గించి చూపిస్తే చెల్లింపు కూడా ఆ నిష్పత్తిలో తగ్గొచ్చు.

ప్రహరీ, కారు, పక్కింటి రేకులు, దారిన పోయే మనిషి, వీటికి ఇంకో పాలసీ కావాలి, పబ్లిక్ లయబిలిటీ. ఇక్కడొక మెలిక ఉంది. 1991 చట్టం కింద అదే పేరుతో అమ్మేది ప్రమాదకర రసాయనాలు పెట్టుకునే సంస్థల కోసం. అది మీకు పనికిరాదు. గుత్తేదారు తనకు పాలసీ ఉందంటే వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి ఊరుకోకుండా గడువు తేదీ, వృత్తి, మనుషుల సంఖ్య చూసి, బీమా కంపెనీ బ్రాంచికి ఫోన్ చేసి కనుక్కోండి.

అపోహ: తాటిచెట్టు ఎక్కేవాడు ఏ చెట్టయినా ఎక్కుతాడు.

వాస్తవం: మోకు (నడుముకూ మానుకూ చుట్టే తాడు), కాలి బంధంతో తాటిచెట్టు ఎక్కడం గొప్ప నైపుణ్యమే. అయితే ఆ పద్ధతి కొమ్మలు లేని మానుకు. వేప, రావి, నిద్రగన్నేరు లాంటి చెట్లలో ప్రతి కొమ్మ దగ్గరా మోకు విప్పి మళ్లీ కట్టుకోవాలి. విప్పిన ఆ కాసేపు మనిషి దేనికీ కట్టుబడి ఉండడు. పైగా చేతిలో చైన్ సా ఉంటే మోకుకు బ్లేడు తగలడానికి క్షణం చాలు. జామాయిలు, సుబాబుల్ తోటలు కొట్టేవాళ్లది మరో పని, వాళ్లు నేలమీద నిలబడి కోస్తారు. తోటలో ఎన్ని టన్నులు కొట్టినా అది కొమ్మ మీద అనుభవం కాదు.

కొత్త మనిషికి పని ఇచ్చేముందు పరీక్ష ఇలా పెట్టొచ్చు. మూడు మీటర్ల ఎత్తులో, మిషన్ లేకుండా, ఒక కొమ్మను దాటి పైకి వెళ్లమనండి. చేతులు గమనించండి. రెండో తాడు కొమ్మపైన వేసి, హుక్కు మూసుకుందని లాగి చూసుకుని, ఆ తర్వాతే మొదటిది విప్పాలి. ముందు విప్పి తర్వాత వేసేవాణ్ని ఎంత చురుగ్గా ఎక్కినా వెనక్కి పంపేయండి, ఆ అలవాటు సాయంత్రానికి మారేది కాదు.

అపోహ: బెల్టు, తాడు ఉన్నాయి కదా.

వాస్తవం: ఏ బెల్టు, ఏ తాడు? భవన నిర్మాణానికి అమ్మే హార్నెస్‌లలో (ఒంటికి కట్టుకునే భద్రతా పట్టీలు) చాలావాటికి వీపు మీద ఒక్క రింగే ఉంటుంది. పడినప్పుడు ఆపడానికి అది సరే. కొమ్మ మీద ఆనుకుని రెండు చేతులతో పనిచేయాలంటే నడుముకు రెండు పక్కలా రింగులుండాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 3521 ముద్ర ఉందో లేదో చూసి కొనండి. మిషన్‌తో కోసేటప్పుడు రెండు వేర్వేరు చోట్ల కట్టుకోవాలి. అందులో ఒకటి లోపల ఉక్కు తీగ ఉన్నదైతే బ్లేడు తగిలినా వెంటనే తెగదు. కరెంటు వైర్ల దగ్గర మాత్రం ఆ ఉక్కు తీగే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక తాడు. బోరు మోటారు దింపే ప్లాస్టిక్ తాడు కట్టుకుని ఎక్కేవాళ్లు మనవైపు ఇంకా ఉన్నారు. అది పాలీప్రొపిలీన్, సుమారు 165 డిగ్రీలకు కరిగిపోతుంది. బరువుతో వేగంగా జారితే రాపిడికి ఒకేచోట మెత్తబడుతుంది. ఎండకు పోగులు పెళుసుబారుతాయి, మడతపెట్టి చూస్తే తెల్లటి పొడి రాలుతుంది. ఎక్కడానికి లోపల కండె, పైన అల్లిక ఉండే 11 నుంచి 13 మిల్లీమీటర్ల తాడు కావాలి. దుంగలు దింపే తాడు వేరుగా, వేరే రంగులో ఉండాలి. దుంగ ఒక్కసారి జారి ఆగితే తాడు మీద పడే బరువు దుంగ బరువుకు చాలా రెట్లు. ఆ తాడుతో మర్నాడు మనిషి ఎక్కకూడదు.

మనిషి పైన స్పృహ తప్పి వేలాడితే 108 వచ్చేదాకా ఆగలేం, పట్టీల ఒత్తిడికి నిమిషాల్లోనే పరిస్థితి విషమిస్తుంది. కింద ఇంకో హార్నెస్, ఇంకో తాడు, ఎక్కి దించగల రెండో మనిషి ఉండాలి. రెండో మనిషి లేని పని ఒప్పుకోవద్దు, గిరాకీ పోయినా సరే.

అపోహ: లైన్‌మన్‌కు ఫోన్ చేశాం, కరెంటు తీసేశాడు.

వాస్తవం: బల్బు వెలగకపోతే లైను చచ్చినట్టు కాదు. నెల్లూరులో దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), ప్రకాశంలో మధ్య డిస్కం, ఎక్కడైనా లైన్ క్లియరెన్స్‌కు, అంటే లైను ఆపి పనికి ఇచ్చే అనుమతికి, ముందే రాతపూర్వకంగా అడగాలి. సిబ్బంది వచ్చి ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) తీసి, లైను డిశ్చార్జి చేసి, పనిచేసే చోట ఎర్త్ చేసింది కళ్లారా చూశాకే మనిషిని ఎక్కించాలి. చేంజ్ ఓవర్ స్విచ్ (ఇంటిని బయటి లైను నుంచి విడదీసే స్విచ్) లేని జనరేటరు పక్కింట్లో ఆన్ చేస్తే, తీసిన లైనులోకే మళ్లీ కరెంటు ఎక్కుతుంది. ఎర్త్ చేయమనేది అందుకే. పని అయ్యాక తలలు లెక్కపెట్టి, అందరూ దిగారని చూసి, తీసుకున్న మనిషే క్లియరెన్స్ వెనక్కివ్వాలి. క్లియరెన్స్ లేకుండా 11 కేవీ వైరుకు మూడు మీటర్ల లోపల మనిషి గానీ, కొమ్మ గానీ, తాడు గానీ ఉండకూడదు. పచ్చి కొమ్మలో కరెంటు ప్రవహిస్తుంది, అల్యూమినియం నిచ్చెన సంగతి చెప్పనే అక్కర్లేదు.

అపోహ: చెట్టు యజమానిది, అనుమతి ఆయనే చూసుకుంటాడు.

వాస్తవం: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. దరఖాస్తు యజమాని పేరుమీదే పెట్టించండి. అనుమతి కాగితం జిరాక్సు మీ చేతికొచ్చాకే గుత్తేదారుకు తేదీ చెప్పండి. కొట్టింది మీరు, దుంగలు మోసే ట్రాక్టరు మీరు పిలిచింది, దారిలో ఆపితే కాగితం అడిగేది ఆ డ్రైవర్ని. ఒక కాపీ ట్రాక్టర్లో, ఒకటి పని జరిగే చోట ఉంచండి.