సైనికుడి ఉత్తరం: కొన్ని అపోహలు, వాస్తవాలు

తపాలా శాఖ నుంచి డెప్యుటేషన్‌పై ఆర్మీ పోస్టల్ సర్వీస్‌కి వెళ్లి పనిచేసినవాణ్ని. జవాన్లతో పెళ్లి కుదిరిన అమ్మాయిలు, కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు నన్ను అడిగే మాటల్లో చాలావరకు ఉత్తి అనుమానాలే. వాటితో ఎంత నలిగిపోతారో చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ముక్తసరిగా రాశాడంటే ప్రేమ తగ్గినట్టే.

వాస్తవం: ఆ ఉత్తరాన్ని ఎంతమంది చదువుతారో ఆలోచించండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లిన మన సిపాయిల్లో చాలామందికి చదువు రాదు. పక్కవాడి చేత రాయించుకునేవారు. దాన్ని రెజిమెంటులో అధికారి చూసేవాడు. ఆపైన ఫ్రాన్స్‌లోనే బొలోన్ పట్టణంలో, భారతీయుల ఉత్తరాలు తనిఖీ చేసేందుకే పెట్టిన సెన్సార్ కార్యాలయం. ఇంటిదగ్గర భార్యకీ అక్షరాలు రాకపోతే ఊళ్లో చదువుకున్నవాళ్లెవరో చదివి వినిపించాలి. చుట్టూ అత్తగారు, ఆడబిడ్డలు. ఇంతమంది మధ్య 'నువ్వు గుర్తొస్తున్నావు' అని ఎలా చెప్పిస్తాడు? గేదె ఈనిందా, వానలు పడ్డాయా అని అడుగుతాడు. ఆ బెంగంతా అందులోనే ఉంటుంది.

అదే యుద్ధంలో బ్రిటిష్ సైన్యం అచ్చువేసిన కార్డులు ఇచ్చేది. 'కులాసాగా ఉన్నాను', 'ఆస్పత్రిలో చేరాను', 'నీ ఉత్తరం అందింది' లాంటి వాక్యాల్లో అక్కర్లేనివి కొట్టేసి, సంతకం, తేదీ వెయ్యాలి. అంతకుమించి ఏం రాసినా కార్డు చించేస్తామని దానిమీదే ఉండేది. ప్రేయసికి 'నిన్ను చూడాలనుంది' అని ఒక్క ముక్క రాసే వీలు లేదు. అయినా ఆ కార్డులు పంపారు, అందుకున్నవాళ్లు దాచుకున్నారు.

అపోహ: ఎక్కడున్నాడో చెప్పడం లేదంటే ఏదో దాస్తున్నాడు.

వాస్తవం: చెప్పకూడదు, అంతే. అందుకే 'కేరాఫ్ 56 ఏపీఓ' లేదా '99 ఏపీఓ' అని రాస్తాం. ఏపీఓ అంటే ఆర్మీ పోస్ట్ ఆఫీస్. మొదటిదైతే ఢిల్లీకి, రెండోదైతే కోల్‌కతాకి చేరుతుంది. యూనిట్ ఎక్కడుందో అక్కడివాళ్లకు తెలుసు.

అపోహ: వారం వారం వచ్చే ఉత్తరం ఆగిందంటే ఏదో జరిగింది.

వాస్తవం: మంచు పడితే దారి మూసుకుపోతుంది, వాతావరణం బాగోకపోతే హెలికాప్టర్ లేవదు. సంచులు పేరుకుపోయి అన్నీ ఒక్కసారే వస్తాయి. అలిగి రాసిన ఉత్తరం, ఆ అలక తీరాక రాసింది ఒకే సంచిలో దిగుతాయి. ముందు ఏది విప్పుతారో దాన్నిబట్టి ఆ రాత్రి నిద్ర! అందుకే కవరు మూల 1, 2, 3 అని వరస నంబరు వెయ్యండి. దుర్వార్త ఏదైనా ఉంటే సైన్యమే అధికారికంగా తెలియజేస్తుంది. ఉత్తరం రాలేదన్నది కబురు కాదు.

అపోహ: ఫోన్లొచ్చాక ఆ బెంగ ఎక్కడిది?

వాస్తవం: ఫోన్ సిగ్నల్ అందని సైనిక కాపలా పోస్టులు ఇంకా ఉన్నాయి. ఆపరేషన్ మొదలైతే చేతిలో ఫోన్ ఉన్నా మాట్లాడనివ్వరు.

కాబట్టి రాయండి. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, ఇవాళ ఇంట్లో ఏం వండారో రాసినా చాలు. కవరు మీద ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, 9తో మొదలయ్యే పిన్‌కోడ్ స్పష్టంగా ఉండాలి. ఊరి పేరు తెలిసినా సరే, రాయొద్దు.