మాస్టర్ ప్లాన్‌లో గీత పడితే ఇల్లు పోయినట్టేనా? గెడ్డెస్ గురించి, మా టౌన్ ప్లానింగ్ పని గురించి అపోహలు – వాస్తవాలు

ఏ ఊరికైనా కొత్త ముసాయిదా మాస్టర్ ప్లాన్ వచ్చిందంటే చాలు, నా ఫోను మోగుతూనే ఉంటుంది. "సార్, మా వీధికి అరవై అడుగుల రోడ్డు పడిందంట, ఇల్లు పోయినట్టేనా?" అడిగేవాళ్ళలో రిటైరైన మేష్టార్లుంటారు, కిరాణా కొట్టువాళ్ళుంటారు, కూతురి పెళ్ళికి ఆ ఇల్లే ఆధారం అనుకున్న తల్లులుంటారు. వాళ్ళ మీద నాకు విసుగు లేదు. మ్యాపుని స్క్రీన్‌షాట్ తీసి, దానిమీద ఎర్రగా సున్నా చుట్టి వాట్సాప్ గ్రూపుల్లో వదిలే పెద్దమనుషుల మీదే నా విసుగంతా.

ఆ గ్రూపుల్లో తిరిగే మాట ఒకటుంది: "టౌన్ ప్లానింగంటేనే కూలగొట్టుడు, తెల్లవాళ్ళు నేర్పిపోయిన విద్య." ఇది విన్నప్పుడల్లా నాకు ప్యాట్రిక్ గెడ్డెస్ గుర్తొస్తాడు. మన దేశంలో ఈ విద్యకి తొలిపాఠాలు చెప్పినవాళ్ళలో ఆ స్కాట్లండ్ మనిషి ముఖ్యుడు. ఇక్కడున్నన్నాళ్ళూ ఆయన పోట్లాడింది కూలగొట్టేవాళ్ళతోనే.

అపోహ: పాతపేట బాగుపడాలంటే కూల్చాల్సిందే. ప్లానులో గీత పడితే ఇల్లు పోయినట్టే.

జనాన్ని నిలువునా ముంచేది ఇదే కాబట్టి ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుతాను.

1914లో మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్లాండ్ పిలుపు మీద గెడ్డెస్ ఇక్కడికి వచ్చాడు. నగరాల గురించి ఏళ్ళ తరబడి పోగుచేసిన పటాలూ బొమ్మలూ ప్రదర్శనకని క్లాన్ గ్రాంట్ అనే ఓడలో బయలుదేరాయి. మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఉందే, అదే ఆ ఓడనీ ముంచేసింది. ఇంకొకరైతే తిరుగు ప్రయాణం కట్టేవారు. ఈయన స్నేహితుల చేత మళ్ళీ పటాలు పోగుచేయించి 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన పెట్టించాడు. ఆ తర్వాత తంజావూరు, మదురై, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న మన బళ్ళారి, అటుపైన బొంబాయి వైపు ఊళ్ళు, లక్నో, లాహోర్, ఇండోర్, ఢాకా, ఇలా తిరుగుతూ ఒక్కో ఊరికీ ఒక్కో రిపోర్టు రాసుకుంటూ పోయాడు.

ఆ రోజుల్లో ఇరుకు పేటలకి మునిసిపాలిటీలు చేసే వైద్యం ఒకటే: మ్యాపు మీద స్కేలు పెట్టి తిన్నగా ఒక గీత లాగడం, దాని కింద పడిన ఇళ్ళన్నీ తీసేయడం. గెడ్డెస్ మ్యాపు చేతపట్టుకుని ఎండలో సందు సందూ తిరిగేవాడు. ఏ ఇల్లు గట్టిగా ఉంది, ఏది కూలడానికి సిద్ధంగా ఉంది, ఎక్కడ బావి, ఎక్కడ గుడి, ఎక్కడ పాడుబడిన దొడ్డి, అన్నీ గుర్తుపెట్టేవాడు. పనికిరాని నాలుగు ఇళ్ళూ తీసి, పక్కనున్న ఖాళీ జాగాలు కలిపితే గాలీ వెలుతురూ వస్తాయి, అక్కడొక చెట్టు నాటితే నలుగురూ కూర్చుంటారు, మిగతా పేట ఎక్కడిదక్కడే ఉంటుంది. దీన్ని ఆయన కన్జర్వేటివ్ సర్జరీ, అంటే ఉన్నదాన్ని కాపాడుతూ చేసే శస్త్రచికిత్స, అనేవాడు. ఖర్చు కూడా కూల్చివేతలో పిసరంత. అంతకంటే ముఖ్యమైన వాదన ఇంకోటి ఉంది. ఇళ్ళు కూలిస్తే ఆ జనం గాల్లో కలిసిపోరు కదా, పక్క సందులో ఇరుక్కుంటారు, అక్కడ అద్దెలు పెరుగుతాయి, ఇరుకు పోగొడతామన్న పథకమే ఇరుకు పెంచుతుంది. వందేళ్ళ కిందటి మాట ఇది. మొన్న ఒక మీటింగులో ఒకాయన ఇదేదో కొత్తగా కనిపెట్టినట్టు చెబుతుంటే నవ్వాపుకున్నాను.

ఇదేమీ కుర్చీలో కూర్చుని చెప్పింది కాదు. 1886లో పెళ్ళయ్యాక భార్య ఆనాతో కలిసి ఎడిన్‌బరో పాతబస్తీలో, డబ్బున్నవాళ్ళు ఎప్పుడో వదిలిపోయిన జేమ్స్ కోర్ట్ అనే మురికివాడకి కాపురం మార్చాడు. ఇరుగుపొరుగుని పోగేసి గోడలకి రంగులు వేయించాడు, కిటికీల్లో పూలకుండీలు పెట్టించాడు, ఒక్కో ఇల్లూ మరమ్మతు చేయించాడు.

ఇక మన గీత సంగతి. ముసాయిదా అంటే ముసాయిదానే. దాని మీద అభ్యంతరాలు, సలహాలు పిలుస్తూ ప్రకటన ఇస్తారు, గడువు పెడతారు. ఆ గడువులోపు సర్వే నంబరుతో, ఇంటి కాగితాలతో అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి. తుది ప్లాను ఖాయమయ్యాక కూడా గీత పడ్డంత మాత్రాన పొద్దున్నే జేసీబీ రాదు. సాధారణంగా జరిగేది ఏమిటంటే, మీరు కొత్తగా కట్టుకోవడానికి అప్రూవల్‌కి వెళ్ళినప్పుడు రోడ్డులో పోయే మేర వదలమంటారు, దానికి బదులు టీడీఆర్ బాండో (వేరేచోట అదనంగా కట్టుకోవడానికో, అమ్ముకోవడానికో పనికొచ్చే హక్కు పత్రం), సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో, సడలింపో ఇస్తారు. ప్రభుత్వమే ముందుగా రోడ్డు వేయాలనుకుంటే మీతో మాట్లాడి ఒప్పించాలి, లేదా 2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటీసిచ్చి పరిహారం కట్టాలి. ఎక్కడా దౌర్జన్యం జరగడం లేదని నేననను. జరిగినచోట నిలబడేది కాగితమే. ఫోనులో మ్యాపుని వేళ్ళతో సాగదీసి చూసి గీత ఇంటి మీదుందో పక్కనుందో తేల్చకండి. ఆ స్కేలులో గీత మందమే ఒక ఇల్లంత ఉంటుంది.

ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. "బాబూ, సగం రేటుకైనా కొంటానంటున్నాడు బ్రోకరు, రేపే అడ్వాన్సు అంటున్నాడు, ఇచ్చేయనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చింది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, సర్వే నంబరు మీద గీత దించి చూస్తే ఆమె అరుగు దాకా వచ్చి ఆగింది. అదీ ముసాయిదాలో. అభ్యంతరం రాయించి పంపాను, ఇల్లు అమ్మలేదు. ఆమె పక్కింటివాళ్ళు మాత్రం అంతకు రెండు రోజుల ముందే అమ్మేశారు. కొన్నది ఎవరనుకున్నారు? ఆ బ్రోకరు బావమరిదే.

అపోహ: గెడ్డెస్ ఇంజినీరు.

కాదు, జీవశాస్త్రం మనిషి. 1854లో పుట్టాడు. ఎడిన్‌బరో యూనివర్సిటీలో వారం రోజులుండి నచ్చక బయటికొచ్చి, లండన్ వెళ్ళి జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ దగ్గర చదువుకున్నాడు, డిగ్రీ పుచ్చుకోలేదు. మెక్సికోలో ఉండగా కొన్నాళ్ళు చూపు పోతే, చీకటి గదిలో కాగితం మడతలు వేలితో తడుముతూ ఆలోచనల్ని గళ్ళల్లో అమర్చుకోవడం అలవాటు చేసుకున్నాడు. తర్వాత డండీలో వృక్షశాస్త్రం ప్రొఫెసరు, ఇంకా తర్వాత బొంబాయి యూనివర్సిటీలో సోషియాలజీ, సివిక్స్ ప్రొఫెసరు. వైద్యానికి ముందు రోగనిర్ధారణ, ప్లానుకి ముందు సర్వే అని అంత పట్టుబట్టడానికి కారణం ఆ జీవశాస్త్రమే అని నా నమ్మకం.

అపోహ: తెల్లదొరల నౌకరు.

సర్కారీ కొలువులో లేడు. గవర్నర్లు, సంస్థానాధీశులు పిలిస్తే వెళ్ళి రిపోర్టు రాసేవాడు, అందులో ఆ పిలిచినవాళ్ళ ఇంజినీర్లనే చీల్చి చెండాడేవాడు. జగదీశ్ చంద్ర బోస్ జీవితచరిత్ర రాశాడు, టాగూరుతో ఉత్తరాలు నడిపాడు. 1917లో ఒక కొడుకు యుద్ధంలో పోయాడు, అదే ఏడు భార్య ఆనా ఇక్కడే జ్వరంతో చనిపోయింది. అయినా పని ఆపలేదు. ఆయన ప్రదర్శన జరిగిన అయిదేళ్ళకి, 1920లో, మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. ఆంధ్రలో మా ఫైళ్ళలో ఇప్పటికీ కనిపించే 1920 చట్టం దాని వారసత్వమే.

అపోహ: దోమలు పోవాలంటే చెరువు పూడ్చాలి.

ఇది ఆయన రోజుల్లో శానిటరీ ఆఫీసర్ల మాట, ఇప్పుడు ప్లాట్లు వేసేవాళ్ళ మాట. చెరువులో చేపలు వదలండి, బాతుల్ని పెంచండి, లార్వాని అవే తింటాయి అన్నాడు గెడ్డెస్. చెరువు ఊరిని చల్లబరుస్తుంది, వాన నీటిని పట్టి ఉంచుతుంది. ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్ళు నిలిచే మేరలో, ప్లాటు కొని ఆగస్టులో నాకు ఫోను చేసేవాళ్ళకి దీనికంటే వివరంగా చెప్పే ఓపిక నాకు లేదు.

అపోహ: ప్లానింగులో మామూలు జనానికేం పని?

ఇండోర్‌లో ప్లేగు. జనానికి ప్లానర్లంటే భయం, వీధిలో గెడ్డెస్ కనబడితే ఇళ్ళు కూల్చడానికే వచ్చాడనుకునేవాళ్ళు. ఆయన మహారాజుని అడిగి ఒక్కరోజు రాజ్యాధికారం పుచ్చుకున్నాడు. దీపావళి ఊరేగింపు మామూలు దారిన పోదు, ఎక్కువ ఇళ్ళు బాగుచేసుకుని శుభ్రంగా పెట్టుకున్న వీధుల గుండా పోతుంది అని చాటించాడు. ఇంకేముంది, పోటీలు పడి ఊరంతా ఊడ్చేశారు. ఊరేగింపులో మురికి రాక్షసుడి బొమ్మ, ప్లేగు ఎలుక బొమ్మ, వాటితోపాటు తెల్లటి కొత్త బట్టలు కట్టుకున్న పారిశుధ్య కార్మికులు. అందరికంటే గౌరవం వాళ్ళకే దక్కింది. చివర ఇండోర్ నగరాన్నే దేవతగా ఊరేగించారు. నేను చూసిన అవగాహన సదస్సుల్లో ఫ్లెక్సీలూ సమోసాలూ తప్ప ఇంకేం ఉండవు.

అపోహ: ఆయన చెప్పినవన్నీ అమలయ్యాయి.

చాలావరకు కాలేదు. చిన్న ఊళ్ళ రిపోర్టులు బీరువాల్లో మూలిగాయి. ఆయన తప్పూ కొంత ఉంది, ఏ రిపోర్టు చూసినా వేదాంతం, వృక్షశాస్త్రం, వీధి కాలవలు అన్నీ కలగాపులగం. మాట కూడా గడ్డంలో గొణిగినట్టుండేదట. 1925లో టెల్ అవీవ్‌కి ఇచ్చిన ప్లాను మాత్రం చాలావరకు నిలబడింది. అక్కడ పెద్ద రోడ్లు వాహనాలకి, లోపలి చిన్న వీధులు ఇళ్ళకి, ఇళ్ళ గుంపుల నడుమ చిన్న తోటలు. 1932లో సర్ బిరుదు వచ్చింది, ఆ ఏప్రిల్‌లోనే ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో పోయాడు.